జయమ్మ చేతులు ఆగేదాకా

ముమ్మిడివరం,
10 మార్చి 1985.

చెల్లెమ్మా అమ్మాజీ,

మన జయమ్మ మాట వింటారంట! పేరు పెట్టి మరీ పిలిచేరు! ముందు ఈ ముక్క చదువుకుని, ప్రభువుకు ఒక స్తోత్రం చెప్పుకుని, అప్పుడు తక్కినది చదువు. నాకు పొద్దుటి నుంచీ కాలు నిలవడం లేదు. "రిటైరైపోయిన లస్కరువి, ఆ గంతులేమిటి, తుంటి విరుగుద్ది" అని మీ వదిన తిడుతోంది. తిట్టనీ. ముప్పై ఏళ్లు కాలవ మీద లాకు తలుపులు తిప్పిన తుంటి ఇది, అంత తేలిగ్గా విరగదు.

సంగతేమిటంటే, ఢిల్లీలో కొత్త చట్టం వచ్చిందట. మొగుడూ పెళ్లాల తగువులు, మనోవర్తులు, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న పేచీలు, ఇవన్నీ ఇక మీదట దొంగతనాల కేసులతో కలపకుండా వేరే కోర్టుల్లో వింటారట. ఆ కోర్టులు ఎలా నడవాలని జనాన్ని అడగడానికి ఒక కమిటీ ఊళ్లు తిరుగుతోంది. రిటైరైన పెద్ద జడ్జిగారొకరు, ప్లీడర్లు, ఒక డాక్టరమ్మగారు. జులైలో అమలాపురం ట్రావెలర్స్ బంగళాలో కూర్చుంటారు. మన ప్లీడరు రామలక్ష్మిగారు వాళ్లకు రాసేరు: కళ్లు లేనివాళ్లు, కాళ్లు నడవనివాళ్లు, మాట రానివాళ్లు కోర్టుకొచ్చి ఏం పడుతున్నారో మమ్మల్ని కాదు, వాళ్లనే అడగండి అని. అడుగుతామన్నారు. పిలిచిన పేర్లలో మన జయమ్మ పేరు ఉంది.

పోయినేడు కోర్టులో జరిగింది నీకు సగమే రాసేను. నువ్వు పరాయి దేశంలో ఏడుస్తావని. అల్లుడు చిట్టిబాబు దీన్ని పుట్టింటికి పంపేసి, ఐదేళ్ల పిల్ల సువార్తను రాజోల్లో తన దగ్గరే ఉంచేసుకున్నాడు కదా. చెవిటిది, మూగది, పిల్లను ఎలా పెంచుద్దని వాళ్ల ప్లీడరు వాదన. జయమ్మ బోనెక్కింది. చేతులతో చెప్పింది. నేను పక్కన నిలబడి ఆ మాటలు నోటితో చెప్పేను. వాళ్ల ప్లీడరు లేచి, "అయ్యా, ఇది కూతురి మాటో తండ్రి మాటో ఎవరికి తెలుసు? ఈ చేతి సైగలు ఈయనకు తప్ప ఇక్కడ ఎవరికీ రావు" అన్నాడు. జడ్జిగారు ఆలోచించి నన్ను దిగమన్నారు. కాగితం మీద "సాక్షి నుండి సమాధానం రాలేదు" అని రాసుకున్నారు.

అది ఇంకా చెబుతూనే ఉంది, చెల్లెమ్మా. బంట్రోతు వచ్చి దింపేదాకా దాని చేతులు ఆడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు పిలిచి అడుగుతారట! నేను తెల్ల చొక్కా కుట్టించుకోవాలి.

మీ అన్నయ్య,
సీమోను.


కువైట్,
2 ఏప్రిల్ 1985.

అన్నయ్యకు, అమ్మాజీ రాయునది.

నీ ఉత్తరం ఆసుపత్రిలో డ్యూటీ దిగాక బస్సులో చదివేను. నా పక్కన కూర్చున్న ఫిలిప్పీను అమ్మాయి నా మొహం చూసి "పెళ్లా?" అని సైగ చేసింది. అంతకన్నా పెద్దదని నేనూ సైగే చేసేను.

సంతోషం చెప్పలేను. కానీ నాకు కొన్ని సంగతులు తెలియాలి. అడుగుతాను, కోప్పడకు.

ఆ కమిటీవాళ్ల ముందు జయమ్మ చేతుల్ని నోటితో చెప్పేది ఎవరు? మళ్లీ నువ్వేనా? నువ్వే అయితే మళ్లీ ఆ ప్లీడరు అడిగిన ప్రశ్నే కదా. ఆయన చెడ్డ మనసుతో అడిగినా, అడిగింది మాత్రం తీసిపారేసేది కాదు. ఎందుకంటావా? నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక షేకు ఇంట్లో పని చేసేను గుర్తుందా? నాకు అరబ్బీ రాదు. నా కూడా ఉన్న పెద్దావిడ నా మాటలు యజమానురాలికి చెప్పేది. ఒంట్లో బాగాలేదు, సెలవు కావాలని నేను అంటే, "ఈ పిల్లకు మీ ఇల్లు బాగా నచ్చిందమ్మా" అని చెప్పేది. పాపం, నా ఉద్యోగం పోకూడదనే. నాలుగు అరబ్బీ ముక్కలు వచ్చాక గాని నాకు తెలియలేదు. అప్పటిదాకా నాకు అక్కడ అన్నీ నచ్చుతూనే ఉన్నాయి!

ఇంకో సంగతి. నీ ఉత్తరం రెండుసార్లు చదివేను. ప్లీడరుగారేమన్నారో ఉంది. వదినేమందో ఉంది. నీ తుంటి సంగతి ఉంది. జయమ్మ ఏమంటోందో ఒక్క ముక్క లేదు. దానికి ఈ కబురు ఎలా చెప్పేవు? కమిటీ అనే దానికి మీ చేతి మాటల్లో ఏముంది? అది విని ఏమంది?

అడిగి రాయి.

నీ చెల్లెలు,
అమ్మాజీ.


ముమ్మిడివరం,
12 మే 1985.

చెల్లెమ్మా,

నువ్వు చిన్నప్పుడూ ఇంతే. పడవ వస్తే ఎవరిది, ఎక్కడిది, లోపలేముంది, ఆ కొబ్బరికాయలు ఎవరు తింటారు అని సరంగు పారిపోయేదాకా అడిగేదానివి.

చెబుతాను. జయమ్మకు మూడేళ్లప్పుడు జ్వరం వచ్చి చెవులు పోయేసరికి మేం లాకు క్వార్టర్లో ఉండేవాళ్లం కదా. దాని మాటలు సగం లాకులోంచే వచ్చేయి. నీళ్ల హోరులో ఎగువ తలుపు దగ్గర ఉన్న నా మాట దిగువ తలుపు దగ్గర ఉన్న తోటి లస్కరు రాఘవులుకు వినపడదు. అందుకని చేతులతోనే చెప్పుకునేవాళ్లం. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ సమానమయ్యేదాకా ఎవరూ చెయ్యెత్తకూడదు. నేనెత్తాలి, రాఘవులూ ఎత్తాలి. ఇద్దరి చేతులూ లేస్తేనే తలుపు. ఒక్కడు తొందరపడితే పడవ గోడకు కొట్టుకుంటుంది. జయమ్మ గట్టు మీద కూర్చుని ఇదంతా చూసేది. అందుకే దాని మాటల్లో చెయ్యెత్తడమంటే "నిజమే, సరే" అని. రెండు అరచేతులు తలుపుల్లా మూస్తే "ఆగు" అని. సువార్త పేరు బుగ్గ మీద వేలితో చిన్న సొట్ట. ఆ పిల్లకు నవ్వితే సొట్ట పడుద్ది.

కమిటీకి మాట లేదు. వరసగా కూర్చున్న పెద్దమనుషులు, చెవి దగ్గర చెయ్యి అని చెప్పేను. "నన్నా?" అని అడిగింది. నిన్నే అన్నాను. "నిన్ను కాదా?" అని మళ్లీ అడిగింది. కాదన్నాను.

తరవాత అది చెప్పింది విను. నాకు తట్టలేదు, నీకు తట్టింది, దానికీ తట్టింది! లాకు చూపించింది. ఎగువన ఒక మనిషి, దిగువన ఒక మనిషి. కోర్టులో నాన్న ఒక్కడే చెయ్యెత్తేడు, అందుకే తలుపు తియ్యలేదు. రెండో మనిషి కావాలి, అదీ అవతలి వైపు మనిషి అయ్యుండాలి. ఈ సంగతే వాళ్లకు చెబుతానంది. రామలక్ష్మిగారికి చెబితే ఆవిడ కుర్చీలోంచి లేచి జయమ్మ చేతులు పట్టుకున్నారు.

కానీ అవతలి వైపు మనిషి ఎవరు? దాని చేతి మాటలు వచ్చినవాళ్లు అక్కడ ఒక్కరే. అత్తగారు మరియమ్మగారు. ఆరేళ్లు ఒక పొయ్యి దగ్గర వండుకున్నారు, ఆవిడకు అన్నీ వచ్చు. కానీ ఆవిడెందుకు వస్తారు? కన్నకొడుకు ఒక వైపుంటే ఇటు వచ్చి నిలబడతారా? మీ వదిన అడగనే వద్దంది. నాకు మాత్రం ఆవిడ ఏం చేస్తారో తెలుసుకోవాలని ఒకటే ఇదిగా ఉంది.

నీకేం కావాలో కూడా చెప్పమని జయమ్మను అడిగేను, నీ మాట ప్రకారమే. సువార్త కావాలంది. పిల్లను తెచ్చుకుంటానంది. ఇంకా ఏదో చెప్పబోయి చొక్కా పట్టుకు లాగింది గాని, అప్పుడే అమలాపురం బస్సు వచ్చేసింది. తెలిసిందే కదా, తల్లీ పిల్లా నా కళ్లెదుట హాయిగా ఉంటారు. తూర్పు గదికి సున్నం వేయిస్తున్నాను.

సీమోను.


కువైట్,
4 జూన్ 1985.

అన్నయ్యా,

తెలిసిందే కదా అని నువ్వు రాసేవు. చొక్కా పట్టుకు లాగిందని కూడా నువ్వే రాసేవు.

బస్సులు చాలా ఉంటాయి. సున్నానికి తొందరేం లేదు.

మరియమ్మగారి సంగతి ఆలోచించి బుర్ర పాడుచేసుకోకు. వస్తే వస్తారు. నువ్వు మాత్రం ఆ రోజు కాస్త నోరు తగ్గించు. నీకు సంతోషం వస్తే ఎదుటివాళ్ల మాట కూడా నువ్వే అనేస్తావు. నా పెళ్లిచూపుల్లో నా బదులు "ఆయ్, మా చెల్లికి ఇష్టమేనండి" అన్నది నువ్వే కదా! అదృష్టం కొద్దీ నాకు ఇష్టమే అయింది.

అమ్మాజీ.


ముమ్మిడివరం,
21 జులై 1985.

చెల్లెమ్మా,

జరిగింది జరిగినట్టు రాస్తాను. నా గురించి బాగా లేని చోట కూడా దాచను.

ట్రావెలర్స్ బంగళా వరండా నిండిపోయింది. అంతమంది ఉన్నారని నాకు తెలియనే తెలియదు. కొత్తపేట నుంచి పెద్దిరాజుగారని కళ్లు లేని హార్మనీ మాస్టారు వచ్చేరు. "అయ్యా, రాజీ కాగితం మీద నా వేలిముద్ర వేయించేరు. అందులో నా పిల్లల్ని నేను చూడనక్కర్లేదని రాసి ఉందని నాకు బయటికి వచ్చాక టీకొట్టువాడు చదివి చెప్పేడు. వేలు పట్టుకునే ముందు చదివి వినిపించాలని రాయండి" అన్నారు. "ఎవరు చదవాలంటారు?" అని పెద్ద జడ్జిగారు అడిగేరు. "నేను తెచ్చుకున్న మనిషి చదవాలండి. మీ మనిషి గొంతు తియ్యగా ఉంటుంది, నమ్మబుద్ధేస్తుంది" అన్నారు. అందరూ నవ్వేరు, జడ్జిగారు కూడా.

పోలియో వచ్చిన అన్నపూర్ణ అనే అమ్మాయి చేతుల మీద పాక్కుంటూ ముందుకొచ్చింది. దాని మనోవర్తి కేసు మేడ మీద పిలిచేరట. ఇది కింద మెట్ల దగ్గర ఉంది. మూడుసార్లు పేరు పిలిచి, రాలేదని కొట్టేసేరట. "నేను వచ్చేనండి. మీ కోర్టే కిందికి రాలేదు" అంది. డాక్టరమ్మగారు గబగబా రాసేరు.

అప్పుడు జయమ్మ పేరు పిలిచేరు.

లేచేను. లేచి చూద్దును కదా, గేటు దగ్గర రిక్షా దిగుతున్నారు మరియమ్మగారు! చంకన సంచీ, పక్కన సువార్త. జయమ్మ చూసింది. పిల్ల "అమ్మా" అనలేదు, చెల్లెమ్మా, పరుగెడుతూనే చేత్తో పిలిచింది. వరండాలో ఉన్నవాళ్లంతా మాట మానేసి తప్పుకుని దారిచ్చేరు. "వదినగారూ, మీరెలా వచ్చేరండీ?" అన్నాను. "బస్సులో వచ్చేనండి అన్నయ్యగారూ" అన్నారావిడ. అంతే. ఎవరు చెప్పేరో, ఎందుకు వచ్చేరో నాకు ఇప్పటికీ తెలియదు.

రామలక్ష్మిగారు మా ఇద్దర్నీ జయమ్మకు చెరో పక్కా నిలబెట్టేరు. పెద్ద జడ్జిగారు, "అమ్మా, నీకేం కావాలి?" అని అడిగేరు. నేను చేత్తో చెప్పేను. జయమ్మ బుగ్గ మీద సొట్ట పెట్టింది, గుండె మీదికి లాక్కుంది. నేను ఆగలేకపోయేను. "అయ్యా, పిల్ల కావాలంటోందండి! పిల్లను తెచ్చుకుని తల్లీ పిల్లా నా దగ్గరే ఉంటారండి, గదికి సున్నం కూడా వేయించేనండి!" అనేసేను.

మరియమ్మగారు మాట్లాడలేదు. జయమ్మ చేతులకేసే చూస్తున్నారు. అవి ఇంకా ఆడుతున్నాయి. నేను చూడనేలేదు, నేను జడ్జిగారికేసి తిరిగి ఉన్నాను. చేతులు ఆగి ఒళ్లోకి దిగేక అప్పుడన్నారావిడ:

"అన్నయ్యగారు సగమే చెప్పేరండి. పిల్ల కావాలంది, అది నిజమేనండి. నాన్నగారింట్లో కాదంది. బజార్లో గది అద్దెకు తీసుకుని మిషను కుట్టుకుంటానంది. 'అత్తింట్లో నా మాట మొగుడు చెప్పేవాడు. పుట్టింట్లో నాన్న చెబుతున్నాడు. నా గుమ్మంలోకి వచ్చినవాళ్లు నా చేతులు చూసి తీరాలి' అందండి."

జడ్జిగారు ఈ ముక్కలు నిజమేనా అని అడగమన్నారు. మరియమ్మగారు అడిగేరు. జయమ్మ చెయ్యెత్తింది. మరియమ్మగారూ ఎత్తేరు. ఇక నేను. అందరూ నాకేసే చూస్తున్నారు.

నా చెయ్యి లేవలేదు. సున్నం వాసన ఇంకా నా చొక్కాకే ఉంది. దాన్ని నేనేం తక్కువ చేసేను అనిపించింది. జయమ్మ నన్ను బతిమాలలేదు, కోప్పడలేదు. లాకు గట్టు మీద కూర్చున్నప్పుడు చూసేది చూడు, నీళ్లు ఎప్పుడు సమానమవుతాయా అని, అలా చూస్తోంది.

ఎత్తేను.

"ఇలా ఇద్దరూ చేతులెత్తడమేనమ్మా నువ్వు కావాలంటున్నది?" అని జడ్జిగారు అడిగేరు. అప్పుడు చెప్పింది జయమ్మ, లాకు సంగతంతా. ఈ వైపు మనిషొకరు, ఆ వైపు మనిషొకరు. చేతులు ఆగేదాకా ఇద్దరూ నోరెత్తకూడదు. ఇద్దరూ చెయ్యెత్తేకే గుమస్తా రాయాలి. ఇద్దరికీ కుదరకపోతే మళ్లీ తననే అడగాలి. ఈసారి నేను దాని చేతులు ఒళ్లోకి దిగేదాకా ఆగేను. ఆగితే ఎంత చెబుతుందో, చెల్లెమ్మా! పాతికేళ్లుగా ఇంత చెబుతోందా ఇది?

మీ వదిన వారం రోజులుగా తూర్పు గది తలుపు వేసి ఉంచింది. నాతో మాట్లాడుతోంది గాని, పొడిపొడిగా.

సీమోను.


కువైట్,
15 ఆగస్టు 1985.

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ఏడ్చేను, నవ్వేను. వార్డులో నర్సులు అడిగితే అన్నపూర్ణ మాట చెప్పేను. వాళ్లూ వాళ్ల భాషల్లో చెప్పుకున్నారు. ఆ పిల్లకు తెలియదు, దాని మాట ఎంత దూరం వచ్చిందో.

మరియమ్మగారికి కబురు పంపింది నేనే. ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. ఇక్కడే పని చేస్తూ సెలవుకు రాజోలు వెళ్తున్న అంజిబాబు చేత చెప్పించేను. కొడుకు మీద చెప్పమనలేదు. కోడలి వైపు నిలబడమనీ అనలేదు. "వదినగారూ, ఆరేళ్లు జయమ్మతో మాట్లాడేరు కదా. అది ఏమందో అదే చెబుతారా, ఒక ముక్క కలపకుండా, ఒక ముక్క తీయకుండా?" అని అడిగించేను. ఆవిడ చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుని, "నన్నెవరూ ఇలా అడగలేదు" అన్నారట. వెళ్తానని గాని వెళ్లనని గాని చెప్పలేదట. అందుకే నీకు రాయలేదు. ముందే తెలిస్తే నువ్వు రిక్షా పంపించి, దండ తెప్పించి, ఆవిడ బదులు కూడా నువ్వే మాట్లాడేవాడివి.

గది సంగతికి బాధపడకు. నేను నీకు దూరంగా సముద్రం దాటి ఉంటున్నాను, నీకు చెల్లెలు కాకుండా పోయేనా? బజారు మీ ఇంటికి ఎంత దూరం? వదినకు చెప్పు, సున్నం వేసిన గదిలో నేను సెలవుకొచ్చినప్పుడు పడుకుంటాను.

ఇక కోర్టు సంగతి. కమిటీ కాగితాలు చట్టమయ్యేదాకా సువార్త ఆగుతుందా? రామలక్ష్మిగారిని అడుగు. ఇప్పుడున్న కోర్టులోనే ఇలా వింటారేమో అడగమను. అడగనిదే వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది?

అమ్మాజీ.


ముమ్మిడివరం,
24 నవంబరు 1985.

చెల్లెమ్మా అమ్మాజీ,

సువార్త వచ్చేసింది! వాళ్లమ్మ ఒళ్లో ఉంది! నిన్ననే తీర్పు!

రామలక్ష్మిగారు అర్జీ పెట్టేరు. జడ్జిగారు కొత్తాయన. ఇలాంటిది ఎప్పుడూ చెయ్యలేదన్నారు, అయినా చేసి చూద్దామన్నారు. ప్రతి మాటకూ మరియమ్మగారూ నేనూ చేతులెత్తుతూనే ఉన్నాం. నా చొక్కా చంకలో చిరిగిపోయింది. ఒకచోట మాకు కుదరలేదు. ఆవిడ బుధవారమన్నారు, నేను లక్ష్మివారమన్నాను. మళ్లీ జయమ్మనే అడిగేరు. ఆవిడే రైటు.

"తల్లికి చెవులు వినపడవు, రాత్రిపూట పిల్ల ఏడిస్తే ఎవరు చూస్తారు?" అని వాళ్ల ప్లీడరు అడిగేడు. జయమ్మ మణికట్టుకు తాడు చుట్టినట్టు చూపించింది. పిల్ల పుట్టినప్పటి నుంచీ ఉయ్యాల తాడు చేతికి కట్టుకుని పడుకునేదట. పిల్ల కదిలితే తాడు లాగేది. నాకే తెలియని సంగతి! మరియమ్మగారు దాని మాట చెప్పి చెయ్యెత్తేరు. జడ్జిగారు, "ఇది మీరు కళ్లారా చూసేరా?" అని అడిగేరు. ఆవిడ కొడుకు అక్కడే ఎదురుగా నిలబడి ఉన్నాడు. "చూసేనండి. నాకు పిల్ల ఏడుపు వినపడి లేచేసరికే ఇది పాలిస్తూ ఉండేదండి. వాడికీ తెలుసు. వాడు లేచిన రాత్రి ఒక్కటీ లేదండి" అన్నారు. చిట్టిబాబు తల దించుకున్నాడు.

పిల్ల తల్లి దగ్గరుండాలని, ఆదివారాలు గుడి అయ్యేక రాజోలు వెళ్లి తండ్రినీ నాయనమ్మనూ చూడాలని తీర్పు. జయమ్మకు అదీ ఇష్టమే. నేను చెప్పడం కాదు, అది చెయ్యెత్తింది.

కమిటీ రాసింది ఏమవుద్దో తెలియదు. అందులో పెద్దిరాజుగారి మాట, అన్నపూర్ణ మాట, జయమ్మ మాట పేర్లతో సహా ఉన్నాయట. మన కోర్టులో గుమస్తా చదివిన కాగితం మాత్రం నేను నా చెవులతో విన్నాను. "సాక్షి చెప్పినది" అని మొదలైంది. మళ్లీ చదవమని అడిగితే ఆయన విసుక్కోకుండా మళ్లీ చదివేడు.

బజార్లో గది కుదిరింది. మిషను మీ వదినే మోయించింది. నిన్న సాయంత్రం నేను వెళ్తే జయమ్మ నా చిరిగిన చొక్కా విప్పించి కుట్టింది. కుట్టినంతసేపూ నేను బనీనుతో కూర్చుని దాని కబుర్లు చూసేను.

ఇక చెప్పవలసినవాళ్లు. నేను ఇక్కడ చెబుతున్నాను, నువ్వు అక్కడి నుంచి రాయి, రెండుసార్లు తెలిసినా ఫరవాలేదు. ఐ.పోలవరంలో పాపారావన్నయ్యకు, వాడికి చెవుడు వస్తోంది, పెద్ద అక్షరాలతో రాయి. ఓడలరేవులో జానకమ్మత్తకు, ఆవిడ చదవలేదు గాని ఉత్తరం పట్టుకుని ఊరంతా తిరుగుద్ది, అందుకని ముందు ఆవిడకే. సాలమోను బావకు, మూగపిల్లకు పెళ్లేమిటి పిల్లలేమిటని అన్నది ఆయనే, కాబట్టి తప్పకుండా. నీ దగ్గరే ఉన్న అంజిబాబుకు, కబురు మోసింది అతనే కదా. లాకు రాఘవులు చుట్టం కాడు, అయినా చుట్టాల్లోనే వేసుకో, అతనికి నేనే వెళ్లి గట్టు మీద నిలబడి చెయ్యెత్తి చెబుతాను. మరియమ్మ వదినగారికి చెప్పనక్కర్లేదు.

వీళ్లలో ఎవరైనా ఇక ముందు "జయమ్మ ఏమంటోంది, దానికేం కావాలంట?" అని అడిగితే, నన్ను అడగమని చెప్పకు. మార్కెట్టు దాటేక ఎడమ చేతి సందులో నీలం తలుపు. తట్టినా వినపడదు, తోసుకుని లోపలికెళ్లి దాని ఎదురుగా కూర్చోమను.

మీ అన్నయ్య,
సీమోను.